నిక్షేప ధర్మము

పోయిన వస్తువులు రెండు విధములు: మఱల సంపాదింపగలవి, సంపాదింపలేనివి. ఈ భేదము పిల్లలకు సయితము తెలియును. కాని వస్తువు చేతనున్నంతకాలము అది యే తరగతికి చెందినదో యోచించువారు అరుదు. పోయిన పిమ్మటనే ఆ యోచన కలుగును. అప్పుడు మనము చేయు మొదటి పని నష్టమునకు కారణము వెదకుట. రెండవ పని ఆ కారణము మనము కామని నిరూపించుకొనుట. ఈ రెండవ పనిలో మనుజుడు చూపు నేర్పు మఱియే విద్యయందును చూపడు. నేనును ఆ నేర్పు చూపి, పిదప సిగ్గుపడినవాడను. ఆ సంగతి యిచ్చట వ్రాయుట నా గోడు చెప్పుకొనుటకు గాదు. ఇట్టి సందర్భము నేడు ప్రతి గృహమునందును కలుగుచున్నది గనుక, అందలి ధర్మమెట్టిదో చదువరులతో కూడి విచారింపవలెనని నా కోరిక.

విషయము చూచుటకు చిన్నది. వికారాబాదులో నే నుపయోగించుచుండిన ల్యాప్‌టాపు ఒకనాటి యుదయము మేల్కొనలేదు. నల్లని తెఱపై, ఆరంభించుటకు తగిన డిస్కు కనబడలేదను నొక్క వాక్యము వచ్చి నిలిచెను. చెవి యొగ్గి వినగా లోపలినుండి టిక్కు టిక్కుమని ఆగి ఆగి చప్పుడు వచ్చుచుండెను. మరమ్మతు చేయు యువకుడు ఆ చప్పుడు విని, మూత విప్పకయే, "హార్డ్ డిస్కు పోయింది సార్" అనెను.

హార్డ్ డిస్కు అనగా నేమో తెలిసికొనిన గాని ఈ కథలోని మర్మము బోధపడదు. గాజుతోనో అల్యూమినియముతోనో చేసిన మిక్కిలి నునుపైన పళ్లెములపై అయస్కాంత పదార్థపు పూత పూయుదురు. మనము వ్రాసిన యక్షరములు, తీసిన బొమ్మలు, పట్టిన ధ్వనులు అన్నియు ఆ పూతపై సూక్ష్మములైన గుర్తులుగా నిలుచును. ల్యాప్‌టాపులలో ఈ పళ్లెములు సాధారణముగా నిమిషమునకు 5,400 సార్లు తిరుగును. వానిని చదువు మొన పళ్లెమును తాకదు. కొన్ని నానోమీటర్ల యెత్తున గాలిపై తేలుచుండును. మన తలవెండ్రుక మందము ఆ యెడమునకు వేలరెట్లు. 1956లో ఐబీఎం సంస్థవారు వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున 24 అంగుళముల వెడల్పుగల 50 పళ్లెము లుండెను. అన్నియు కలిసి 50 లక్షల యక్షరములను మాత్రమే పట్టెడివి. నేడు అరచేతిలో నిముడు డిస్కు అంతకు లక్షలరెట్లు పట్టును. కాని స్వభావము మాఱలేదు. తిరుగునది యేదైనను అరుగును. ఏదో యొకనాడు మొన క్రుంగి పళ్లెమును గీకుట జరుగవచ్చును. గీకుడుపడిన చోట పూత పొడియై రాలిపోవును. మహానగరములలో ధూళిలేని గదులయందు డిస్కులను విప్పి శేషించినదానిని రాబట్టు నిపుణులు కలరు గాని, పొడియైన దానిని చదువగలవా రెవ్వరును లేరు. నా డిస్కును అట్టివారికిని పంపితిని. పళ్లెములు గీకుడుపడినవని, చేయగలిగినది లేదని వ్రాసి తిరిగి పంపిరి.

ఇంతలో ఆ యువకుడు యంత్రమునకు క్రొత్త డిస్కు పెట్టెను. ఇందు తిరుగు పళ్లెములు లేవు; అంతయు చిప్పులతో చేసినది. దానిపై ఆపరేటింగ్ సిస్టమును మఱల నెలకొల్పవలెను. తెఱ, మీటలు, జ్ఞాపకము, ముద్రణయంత్రము అనువానిని ఒక కట్టుబాటున నడుపు మూలవ్యవస్థకే ఆ పేరు. అది లేనియెడల యంత్రము లోహపు పలక. నాకు వెనుకనుండిన విండోస్ 10 వ్యవస్థకు తయారుచేసినవారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసెను. దాని తరువాతి దానిని మోయుటకు నా యంత్రమునకు వయసు చాలదు, అనగా మీఱినది. కావున అతడు లినక్సును ఎంచెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభింపగా, పిదప నానాదేశముల వేలకొలది జనులు చేయి కలిపి పెంచినది ఈ వ్యవస్థ. దీనికి వెల లేదు. చిటికెన వ్రేలంత పెన్‌డ్రైవులో దానిని నింపి, యంత్రమునకు తగిలించి, భాష యేది, కాలమానమేది, డిస్కును భాగించుటెట్లు అను నాలుగు ప్రశ్నలకు జవాబులిచ్చి ఊరకుండెను. మేము తేనీరు త్రాగి వచ్చునప్పటికి యంత్రము ప్రాణముతో నుండెను. భాషల పట్టికలో తెలుగు ఉన్నది. ఇన్‌స్క్రిప్టు మీటలను ఎంచి "శ్రీ" అని కొట్టితిని. అక్షరము తెఱపై నిలిచెను. నాకు కలిగిన సంతోష మింతంత గాదు.

ఆ సంతోషములో ఇంటికి వచ్చి, ఏమి వచ్చినది, ఏమి రాలేదని లెక్క చూచుకొంటిని. వ్యవస్థ వచ్చినది. నిఘంటువులు వచ్చినవి. లోకమున పదిచోట్ల నున్నదంతయు ఒక్క పూటలో నా బల్లపైకి వచ్చి కూర్చున్నది. ఒక్కచోటనే యుండినది మాత్రము రాలేదు.

ఒక్కచోటనే యుండినదేదో చెప్పెదను. తాండూరు కావల, కాగ్నా నదికి కొంత దూరమున, కందిచేల నడుమనున్న గ్రామములో ఒక వృద్ధురా లుండెడిది. ఆమె మనుమడు నాకు పూర్వశిష్యుడు. తాండూరు ప్రాంతపు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి చదువరులు ఎఱుగుదురు. ఇప్పుడు కందులు మిల్లులలో పప్పగుచున్నవి. పూర్వము ఇసుర్రాయి యొద్ద స్త్రీలు ఇద్దరిద్దరుగా కూర్చుండి విసరెడివారు. విసరుటకు పాట తోడు. ఆమెకు అట్టి పాటలు లెక్కకు మిక్కిలిగా వచ్చును. సీతమ్మ కష్టములు, అత్తయింటి యారళ్లు, కరవునాటి బ్రతుకు, కూతు నంపకము, మునుపటి దొరల వెట్టి. అక్షరము రాని ఆమె నోట ఒక గ్రంథాలయమున్నదని నాకు తోచెను. వరుసగా మూడు ఆదివారములు వికారాబాదున రైలెక్కి తాండూరు పోయి, అచ్చటినుండి ఆ గ్రామము చేరి, ఆమె పాడగా 43 పాటలు ఫోనులో పట్టితిని. ఊరక కూర్చుండి పాడుట తనకు చేతగాదని, మూలనున్న ఇసుర్రాయిని ముందుకు లాగించి, గుప్పెడు కందులు పోసికొని త్రిప్పుచునే పాడినది. మూడవనాడు లేచి వచ్చుచుండగా, "గివన్ని ఏం జేస్తరు సారూ?" అని అడిగినది. "భద్రంగా దాచిపెడతానవ్వా" అంటిని. ఆమె నవ్వి, "దాసుండ్రి, నా ఎనుక పాడెటోళ్లు లేరు" అన్నది.

ఇంటికి వచ్చి ఆ పాటలను ల్యాప్‌టాపులోనికి మార్చి, ఫోనులో చోటు చాలదని అందుండి తుడిచివేసితిని. తీరిక దొరికినప్పుడు వ్రాతలో పెట్టవలెననుకొంటిని. తీరిక దొరకలేదు. కొన్ని నెలలకు ఆమె కాలము చేసెను. పిదప డిస్కు చెడెను.

సంవత్సరీకమునకు పదిదినములు ముందుగా మనుమడు నన్ను చూడవచ్చెను. తాండూరులో నాపరాళ్లకు నునుపు పెట్టు కర్మాగారమున అతనికి పని. "మా అవ్వ పాటలు జర నా ఫోనుల ఎక్కియ్యుండ్రి సారూ. సంవత్సరీకం నాడు ఇంట్ల అందరం ఇందామనుకుంటున్నం" అనెను. నేను డిస్కు చెడిన వృత్తాంతము చెప్పితిని. నిపుణులకు పంపినదియు చెప్పితిని. చెప్పినదంతయు సత్యమే. అతడు కొంతసేపు మౌనముగా నుండి, "మిషిని గద సారూ, అది ఖరాబైతే మీరేం జేస్తరు?" అని తానే నన్ను ఊరడించి వెళ్లెను. వాని మాట నాకు చల్లగా తగులవలసినది. తగులలేదు. క్షమించువాడు నేరమేదో తెలియక క్షమించినప్పుడు ఆ క్షమ మనకు చెందదు.

నిజముగా నేను నేరస్థుడనా? సంస్కృతము చదివినవాడను గనుక స్మృతులను తిరుగవేసితిని. పరుల వస్తువును నమ్మకముపై ఉంచుకొనుటను మన ధర్మశాస్త్రములు నిక్షేపమని, న్యాసమని పేర్కొని విపులముగా చర్చించినవి. దొంగలెత్తుకొని పోయినను, నీట కొట్టుకొని పోయినను, నిప్పున కాలినను, దాచినవాడు అందుండి తా నేమియు తీసికొననియెడల తిరిగి యియ్య నక్కఱలేదని మనువు. రాజువలనను దైవమువలనను చోరులవలనను పోయినదానికి దాచినవాడు బాధ్యుడు గాడని యాజ్ఞవల్క్యుడు. ఈ యాజ్ఞవల్క్యస్మృతికే చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాసెను. ఆ రాజు పాలించిన కల్యాణము మనకు పరదేశము గాదు. మన సరిహద్దున కావల బీదరు జిల్లాలోని బసవకల్యాణమే. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించి మన యిండ్లకు తెచ్చెను. ఇందరు పెద్దలు నా పక్షమున నుండగా నాకు భయమేల? డిస్కు గీకుడుపడుట దైవికము. నేను పాటలలో ఒక్కటియు నా స్వార్థమునకు వాడుకొనలేదు. కావున నిర్దోషిని. ఈ తీర్పు నాకు నేనే చెప్పుకొని ఆ రాత్రి పుస్తకము మూసితిని.

ఆ సమయమున నా భార్య వచ్చి, "అమ్మాయి ఫోటోలు కూడా పోయాయేమో చూశారా?" అని యడిగెను. "పోలేదు. అవి వేరే డిస్కులో ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి దాచాను" అంటిని. ఆమె తృప్తితో వెళ్లిపోయెను. నేను మాత్రము కూర్చున్నచోటనే నిలిచిపోతిని.

స్మృతులలో నేను చదివి దాటిపోయిన మఱి రెండు మాటలు అప్పుడు జ్ఞప్తికి వచ్చినవి. దాచినవాని సొంత సొమ్ముతో కూడ నిక్షేపము నశించినచో, అందు కపటము లేనిచో, నష్టము ఒప్పగించినవానిదని నారదుడు చెప్పెను. బృహస్పతి దీని రెండవ వైపును చూపెను: తన సొమ్మునకును పరుల నిక్షేపమునకును భేదము పాటించియో, ఉపేక్షచేతనో నిక్షేపమును నశింపజేసినవాడు దానిని వడ్డితో చెల్లింపవలెనని. పెద్ద లెంత సూక్ష్మముగా చూచిరో గమనింపుడు. నీవు జాగ్రత్తపరుడవా, అజాగ్రత్తపరుడవా అని వారడుగలేదు. నీ సొమ్ము ఎట్లు కాపాడుకొంటివో చూపుమని యడిగిరి. ఇల్లంతయు కాలిపోయి తన వస్తువులతో పాటు పరుల వస్తువులును పోయినచో ఎవ్వరును తప్పుపట్టరు. తన పెట్టె భద్రముగా బయట పెట్టుకొని, పొరుగువాని పెట్టె లోపల విడిచిపెట్టినవాడు అగ్నిపై నెపము వేయుట యెట్లు?

ఆంగ్లేయుల న్యాయము కూడ ఈ త్రాసుననే తూచును. కలకత్తాకు వచ్చి 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్సు, అంతకు ముందే 1781లో నిక్షేపములను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ప్రతిఫలము లేక దాచినవాడు ఘోరమైన యుపేక్షకు మాత్రమే బాధ్యుడని ఆ శాస్త్రమున చెప్పుదురు. ఈ మాట నాకు కొంత ఊరట. కాని తన వస్తువుల యెడ చూపిన శ్రద్ధయైనను పరుల వస్తువుల యెడ చూపకుండుట విశ్వాసభంగమే యనియు ఆ శాస్త్రమే చెప్పును. మన దేశపు 1872 నాటి ఒప్పందముల చట్టము, 151వ విభాగమున, నిక్షేపము పొందిన ప్రతివాడును, సామాన్య వివేకముగలవాడు అట్టి పరిమాణము, గుణము, విలువగల తన సొంత వస్తువు నెడల చూపునంత శ్రద్ధ చూపవలెనని శాసించుచున్నది. ఎటు తిరిగినను "నీ సొంతమైనచో నేమి చేసియుందువు?" అను ప్రశ్నయే యెదురగుచున్నది. నా సొంతమైనదానికి నేనేమి చేసితినో నా భార్య ప్రశ్నకు నే నిచ్చిన జవాబే చెప్పుచున్నది.

ఇక దైవికమను మాట. మా వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి కొండలలో మూసీ పుట్టుచున్నది. అచ్చట సన్నని ధారగా బయలుదేరిన ఆ యేఱే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములు బలిగొనెను. ఆ నీటిలో ఎవరైనను ఎవరి నిక్షేపమునైనను పోగొట్టుకొనియుండినచో దానిని దైవికమనుట న్యాయము. కాని ఆ ప్రళయము తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా గైకొనిరి. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను వెలసినవి. ఒకసారి చూచిన యాపదను రెండవసారి దైవికమనుటకు బుద్ధిమంతులు సిగ్గుపడుదురు. హార్డ్ డిస్కు చెడుననుట నేడు రహస్యము గాదు. తిరుగు యంత్రము నిలుచునని, ఎప్పుడు నిలుచునో తెలియదని, పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. నేనును తెలిసియే గదా నా కుమార్తె బొమ్మలకు మఱి రెండు ప్రతులు తీసితిని? తెలిసిన యాపదకు దైవమని పేరుపెట్టుట దైవమునకు అపచారము.

ఇచ్చట ఒక యాక్షేపణ రావచ్చును. బంగారము ఒప్పగించినచో ఒప్పగించినవాని యొద్ద అది లేకుండపోవును. పాట అట్టిది గాదు. ఆమె నోటనున్న పాట నాకిచ్చినందున తరుగలేదు. నా వద్దనుండినది ప్రతి మాత్రమే. ప్రతి పోయినంతమాత్రమున నిక్షేపము పోయినట్లెట్లు? ఈ వాదము ఆమె బ్రతికియున్నంత కాలము చెల్లును. ఆ దినములలో డిస్కు చెడియుండినచో మఱియొక ఆదివారము రైలెక్కి పోయియుందును. కాని ఆమె కన్ను మూసిన దినమున నా వద్దనున్న ప్రతి మూలమైనది. నే నా మాఱ్పును గమనింపలేదు. దినములకు పోయితిని, భోజనము చేసితిని, మంచి మనిషి పోయినదని నాలుగు మాటలు చెప్పి వచ్చితిని. ఇంటికి వచ్చి ఒక తీగ తగిలించి పది నిమిషములలో చేయదగిన పని చేయలేదు. నా దోష మెచ్చట నున్నదని యెవరైన నడిగినచో, డిస్కు చెడిన యుదయమున లేదు. ఆ సాయంకాలమున నున్నదని చెప్పుదును. నిక్షేపము విలువ దాచినవాని యెఱుక లేకయే పెరుగుచుండును. పెరిగినదేమో యని అప్పుడప్పుడు విప్పి చూచుకొనుట కూడ దాచుటలోని భాగమే.

ఇంతకంటె లోతైన మాట యొకటి కలదు. దానిని చెప్పుటకు నాకు కష్టముగా నున్నను చెప్పక తప్పదు. నేను నా కుమార్తె బొమ్మలకు మూడు ప్రతులుంచితిని. నా పరీక్షా పత్రములకు రెండు ప్రతులుంచితిని. అక్షరము రాని వృద్ధురాలి పాటలకు ఒక్కటియే యుంచితిని. ఇది మఱపు గాదు. మఱపునకు ఇంత వివేకముండదు. మనము దేనికి ప్రతి తీయుదుమో, దానినే నిజముగా గౌరవించుచున్నాము. నోట మెచ్చుకొనుట వేఱు.

ఈ యలవాటు నా యొక్కనిది గాదు. వేదమును కాపాడుటకు మన పూర్వులు పదము, క్రమము, జట, ఘనమని పాఠము మీద పాఠము కల్పించి, ఒక్క యక్షరము జారినను మఱియొక పాఠము పట్టుకొనునట్లు చేసిరి. తాళపత్రములు శిథిలమగునని తరమునకొకసారి తిరుగవ్రాసిరి. వ్రాయసకాండ్రు గ్రంథాంతమున, దీనిని నీటినుండియు నూనెనుండియు కాపాడుడని చదువరిని వేడుకొనిరి. అట్లు తిరుగవ్రాయుట సన్నగిల్లిన కాలమున బ్రౌనుదొర పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించి, వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 గురు కవులను లోకమునకు చూపిరి. అచ్చుపడిన ఆ పుస్తక మొక యింట చెదలుపట్టినను మఱియొక యింట నిలిచినది. ఇవన్నియు పూజ్యములైన కార్యములు. కాని ఇసుర్రాయి యొద్ద పుట్టిన పాటకు జటపాఠ మెవ్వరును కల్పింపలేదు. బిరుదురాజు రామరాజుగారివంటి కొందరు ఊరూర తిరిగి జానపద గేయములను సేకరించి శాస్త్రపీఠమున కూర్చుండబెట్టిరి గాని, ఒక్కొక్క యూర ఒక్కొక్క అవ్వ నోటనుండినదంతయు ఎందరికి అందును? సంస్కారము, స్త్రీజనోద్ధరణము అని తరగతిలో పాఠము చెప్పు నేను, నా చేతికి వచ్చిన దానిని పూర్వపు నిర్లక్ష్యముతోనే చూచితిని. యంత్రము క్రొత్తది, ఉపేక్ష ప్రాతది.

కావున నేనేమి చేసితిని? మొదట చేయవలసినది సత్యము చెప్పుట. సంవత్సరీకమునకు రెండు దినములు ముందుగా తాండూరు రైలెక్కితిని. ధారూరు దాటువఱకు, చెప్పకున్న నేమని మనస్సు పోరుచునే యుండెను. వాడే క్షమించెను గదా, తిరిగి గాయము రేపుట యెందులకని. కాని వాడు క్షమించినది యంత్రమును; నన్ను గాదు. పోయి చెప్పితిని: "మిషిను చెడినది నిజమేనయ్యా. కాని మా అమ్మాయి ఫోటోలు రెండుచోట్ల దాచుకున్నాను. మీ అవ్వ పాటలు దాచలేదు. అది నా తప్పు." అతడు నా ముఖమువంక చాలసేపు చూచెను. ఈసారి ఊరడింపలేదు. "గట్ల జెయ్యకపోతుంటిరి సారూ" అని మాత్రమనెను. ఆ మాట న్యాయమైనది. మొదటి ఊరడింపుకంటె నాకదే మేలైనది. కొంతసేపటికి తానే, "అవ్వతోని నాట్లకు వోయినోళ్లు పక్కూర్ల ఇద్దరున్నరు. అడుగుదమా?" అనెను.

వడ్డితో చెల్లింపుమని బృహస్పతి. అసలే లేనిచోట వడ్డి యెక్కడిది? అయినను చెల్లింపుటకు పూనుకొనుట మానరాదు. ఆ యిద్దరు వృద్ధులును, వారి నోట విన్న మఱియొక కోడలును కలిసి ఇప్పటికి 17 పాటలు జ్ఞప్తి తెచ్చుకొనిరి. చరణములు కొన్ని తారుమారు, ఒక పాటకు ఇద్దరును రెండు ముగింపులు పాడిరి, రెండును వ్రాసికొంటిని. ఈ ముగ్గురి యూపిరితో వచ్చిన పాటలు ఆమె పాడినవే గాని ఆమెవి గావు. ఆ గొంతు, దానివెంట ఇసుర్రాయి గరగర, మఱల రావు. తిరిగి నెలకొల్పుటకు వీలైనవానిని చూచి, వీలుకానిదానిని మఱచుట మంచిది గాదు.

ఇప్పుడు ఈ పాటలకు మూడు ప్రతులున్నవి. ఈ విద్య తెలిసినవారు చెప్పు నియమము సులభమైనది: ప్రతులు మూడుండవలెను, రెండు వేఱువేఱు విధముల సాధనములపై నుండవలెను, ఒకటి యింట గాక పరస్థలమున నుండవలెను. మొదటి ప్రతి నా యంత్రమున, రెండవది విడి డిస్కున, మూడవది తాండూరులో ఆ మనుమని యింట. మూడవదానినే నేను ముఖ్యమైనదిగా తలచుచున్నాను. ఒప్పగించినవారి చేతనే ఒక ప్రతి యుండుట న్యాయము. మొదటినుండియు అట్లు చేసియుండవలసినది. వ్రాతప్రతి యొకటి కాగితముపై వేఱుగా సిద్ధమగుచున్నది. తీరిక కొఱకు ఈసారి కాచుకొనలేదు.

చదువరుల గృహములలో కూడ ఇట్టి నిక్షేపములుండును. తాతగారి మాటలు, అమ్మమ్మ లాలిపాట, చనిపోయిన బంధువు పంపిన చివరి సందేశము ఎవరి ఫోనులోనో, ఎవరి డిస్కులోనో ఒక్క ప్రతిగా పడియుండును. ఇంటివారందరును అది భద్రముగా నున్నదని నమ్మియుందురు. ఎవరి వద్ద నున్నదో వారు తీరికలేక యుందురు. యంత్రము మేల్కొనని యుదయము నోటీసిచ్చి రాదు. ఆనాడు ఆపరేటింగ్ సిస్టమును మఱల నెలకొల్పుటకు తగిన యువకుడు ప్రతి పట్టణమునను దొరకును. అతడు "లోపల ముఖ్యమైనవేమైన ఉన్నాయా సార్?" అని తప్పక యడుగును. నన్నును అడిగెను. మా అమ్మాయి బొమ్మలు వేఱుగా నున్నవి గదా యని తలచి, "ఏమీ లేవు" అంటిని. ఇంతయు వ్రాసిన పిమ్మటను నన్ను బాధించుచున్నది ఆ జవాబే.